పారిస్‌కి ఇన్సూరెన్స్, లండన్‌కి దేవుడి మీద భారమా?

ప్రశ్న: నాలుగేళ్లుగా లండన్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉద్యోగం చేస్తున్నాను. నేను, నా భార్య, మూడేళ్ల పాప ఇల్‌ఫర్డ్‌లో అద్దెకు ఉంటున్నాం. నెలకు చేతికి 2,950 పౌండ్లు వస్తాయి. అద్దె 1,450, ఇంటికి పంపే 250 కలిపి మొత్తం ఖర్చు 2,700. బ్యాంకులో 2,100 ఉన్నాయి, క్రెడిట్ కార్డు బాకీ 1,300. రెండు నెలల్లో అమ్మానాన్న తెనాలి నుంచి మొదటిసారి వస్తున్నారు, అయిదు వారాలు ఉంటారు. టికెట్లు కొనేశాం. నాన్నకి 68, రెండేళ్ల కిందట స్టెంట్ వేశారు. అమ్మకి 63, షుగరు, మోకాళ్ల నొప్పులు. లండన్ అంతా బాగా చూపించాలని (లండన్ ఐ అనే పెద్ద చక్రం, మైనపు బొమ్మల మ్యూజియం, టూరిస్టు బస్సు, డిన్నర్ క్రూయిజ్) 4,500 పౌండ్లు అనుకున్నాం. 3,000 పర్సనల్ లోన్ (మూడేళ్లకు, 15 శాతం), మిగతాది కార్డు మీద. అమ్మ గాజుల మీద 3 లక్షలు గోల్డ్ లోన్ తీసుకుంటే పారిస్, స్విట్జర్లాండ్ కూడా అయిపోతాయని నాన్న అంటున్నారు. యూరప్ వీసాకి ఇన్సూరెన్స్ తప్పనిసరి అన్నారు కాబట్టి ఆ వారానికి తీసుకుంటున్నాం. లండన్‌లో ఎలాగూ ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఉచిత వైద్యం) ఉంది. లోన్ మొత్తం పెంచుకోవడం మంచిదా, కార్డు వాడుకోవడం మంచిదా?

జవాబు: రెండూ కాదు. మీరడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడితో అయిపోయింది. మీరు అడగని సంగతి ఒకటి ఉంది, ఈ ఉత్తరాన్ని ఎంచుకున్నది దాని కోసం.

‘లండన్‌లో ఎలాగూ ఎన్‌హెచ్‌ఎస్ ఉంది’ అని చివర్లో అలవోకగా రాసేశారు. ఉన్నది మీకు. వీసాతో పాటు మనిషికి ఏడాదికి ఇంత అని హెల్త్ సర్‌ఛార్జి కట్టారు కదా, అది మీ దంపతుల కోసం. పాపకి ఇంకో రేటు. విజిటర్ వీసా మీద ఆరు నెలల లోపు ఉండటానికి వచ్చే మీ అమ్మానాన్న ఆ లెక్కలోకి రారు. వాళ్ల కోసం ఎవరూ సర్‌ఛార్జి కట్టలేదు, కట్టే వీలూ లేదు.

నాన్నగారికి రాత్రి పూట గుండెలో నొప్పి వచ్చిందనుకోండి (అనుకోవడానికే నోరు రాదు, కానీ స్టెంట్ వేసిన మనిషి గురించి మాట్లాడుకుంటున్నాం). అంబులెన్స్ వస్తుంది. ఎమర్జెన్సీ విభాగంలో చూసినంతవరకు డబ్బు అడగరు. అక్కడి నుంచి వార్డులో చేర్చుకున్నారంటే మీటరు మొదలవుతుంది. విదేశీ సందర్శకులకు ఎన్‌హెచ్‌ఎస్ మామూలు రేటు మీద 150 శాతం వేస్తుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు డబ్బు లేదని వైద్యం ఆపరు, ఆ విషయంలో మంచి వ్యవస్థే. కానీ బిల్లు మాత్రం ఇంటికి వస్తుంది. 500 పౌండ్లకు మించిన బాకీ రెండు నెలలు దాటినా కట్టకపోతే ఆ సమాచారం హోం ఆఫీసుకు (వీసాలు చూసే బ్రిటన్ ప్రభుత్వ శాఖ) వెళుతుంది. తర్వాత మీ వాళ్లు మళ్లీ వీసాకి పెట్టుకుంటే దాన్ని చూపించి కాదనవచ్చు.

ఇప్పుడు మీ ప్లాన్ ఇంకోసారి చదువుకోండి. యూరప్‌లో ఉండేది వారం. షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) వాళ్లు కనీసం 30,000 యూరోల మెడికల్ కవర్ లేనిదే వీసా ఇవ్వరు కాబట్టి ఆ వారానికి పాలసీ తీసుకుంటున్నారు. లండన్‌లో ఉండేది నాలుగు వారాలు. బ్రిటన్ వీసాకి ఇన్సూరెన్స్ అడగరు కాబట్టి అక్కర్లేదనుకున్నారు. ఎంబసీ అడిగితేనే గుండె జబ్బు ఉన్నట్టా? ఇది మీ ఒక్కరి పొరపాటైతే ఇంత రాసేవాణ్ణి కాదు. అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు అక్కడి బిల్లుల కథలు విని భయపడి తీసుకుంటున్నారు. బ్రిటన్ అనేసరికి ‘అక్కడ వైద్యం ఫ్రీ’ అన్న మాట ఎక్కడో చెవిన పడి చాలామంది వదిలేస్తున్నారు.

కాబట్టి మొదటి పని, ఈ వారంలోనే, తెనాలి నుంచే. మొత్తం అయిదు వారాలకూ, ఇక్కడ విమానం ఎక్కిన రోజు నుంచి తిరిగొచ్చి దిగిన రోజు దాకా పాలసీ. దాని మీద ఓ పది రోజులు ఎక్కువే వేసుకోండి. ‘ఇంకో వారం ఉండి వెళ్లండి నాన్నా’ అని మీరే అంటారు. గడువు దాటాక పొడిగించమంటే కుదరదు, ముందే అడగాలి.

ప్రపోజల్ ఫారంలో స్టెంట్ సంగతి రాయాలి. షుగరు సంగతి రాయాలి. ‘రాస్తే ప్రీమియం పెరుగుతుంది, రాయకండి సార్’ అనే ఏజెంటు దొరుకుతాడు, మన ఊళ్లలో ఆ జాతికి కొరత లేదు. వాడి మాట విన్నారంటే ప్రీమియం కట్టి మరీ క్లెయిమ్ పోగొట్టుకున్నట్టే. ఆస్పత్రి కాగితాల్లో మొదటి పేజీలోనే పాత స్టెంట్ గురించి ఉంటుంది, దాచేదేముంది? ఇంకో సంగతి చూసుకోవాలి. పాత జబ్బులకు చాలా పాలసీలు ప్రాణాపాయం వచ్చినప్పుడే, అదీ ఒక పరిమితి దాకానే ఇస్తాయి. 60 దాటినవాళ్లకు గది అద్దెకు, ఐసీయూకి, ఆపరేషన్‌కి విడివిడిగా పరిమితులు పెట్టే పాలసీలూ ఉన్నాయి. పైన పెద్ద అంకె చూసి సంతోషించకుండా లోపల ఈ రెండూ వెతకండి. నాన్నగారి విషయంలో తక్కువ ప్రీమియం కంటే పాత జబ్బుకి ఎంత ఇస్తారన్నదే లెక్క. ప్రీమియం నాన్నగారే రూపాయల్లో కట్టొచ్చు. గాజులు తాకట్టు పెట్టడానికి సిద్ధపడ్డ మనిషి దీనికి కాదనరు.

ఇక అప్పు. 3,000 పౌండ్లకు 15 శాతం లెక్కన నెలకు దాదాపు 104 చొప్పున 36 నెలలు. వడ్డీయే 740 దాటుతుంది. అయిదు వారాల ముచ్చటకు మూడేళ్ల కిస్తీ! మీకు నెలకు మిగిలేది 250. అందులోంచి 104 పోతే, ఇప్పటికే ఉన్న 1,300 కార్డు బాకీ మీద ఇంకో 1,500 ఎక్కితే, మిగిలేది కనీస మొత్తం కట్టుకుంటూ పోవడమే. గోల్డ్ లోన్ గురించి ఒక్క మాట చాలు: ఆ గాజులు అమ్మగారి చేతికే ఉండనివ్వండి.

నన్ను ఇంకా కలవరపెట్టింది మీ 2,100. నెల ఖర్చు 2,700 అన్నారు. అంటే మీ దగ్గరున్నది 23 రోజుల డబ్బు. మీ వీసా కంపెనీ స్పాన్సర్‌షిప్ మీద నడుస్తోంది. ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లోపు కొత్త స్పాన్సర్‌ని వెతుక్కోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. చాలావరకు ప్రభుత్వ భృతులు అడిగే హక్కు మీ వీసాకి లేదు. హోం ఆఫీసు 60 రోజులిస్తుంది, మీ బ్యాంకు బ్యాలెన్స్ 23 రోజులే ఇస్తుంది. పాపతో సహా ముగ్గురికి విమాన టికెట్లు ఆ 23 రోజుల్లోంచే తీయాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు నేను మూడు నెలల ఖర్చు పక్కన పెట్టమంటాను. వీసా మీద బతికేవాళ్లకు మూడు కనీసం, నాలుగైతే నయం. మీకు మూడు నెలలంటే 8,100. ఆ పునాది లేకుండా పైన లోన్ కట్టడమేంటి?

‘అమ్మానాన్న మళ్లీ వస్తారో రారో’ అంటారు. ఈ మాట నా దగ్గరికొచ్చే ప్రతి రెండో ఎన్నారై నోట వింటాను, నాకూ గొంతులో పడుతుంది. కానీ అప్పు చేసే ముందు, వాళ్లకు నిజంగా ఏం చూడాలనుందో ఎవరైనా అడిగారా? మా నాన్నగారిని ఒకసారి సింగపూర్ తీసుకెళ్లాను. ఖరీదైన టికెట్లు కొని చూపించినవన్నీ ఆయన ఊరొచ్చాక మర్చిపోయారు. డబుల్ డెక్కర్ బస్సులో పైన ముందు సీటు దొరికిన సంగతి మాత్రం ఏడాది పాటు వీధంతా చెప్పారు.

మీ నాన్నగారిది తెనాలి కదా. బ్రిటిష్ మ్యూజియంలో 33ఎ గదికి తీసుకెళ్లండి. అమరావతి స్తూపం శిల్పాలు అక్కడ ఉన్నాయి. 1845లో మద్రాసులోని బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి తీయించినవి అందులో ఉన్నాయి, 1859లో అవి లండన్‌కి ఓడెక్కాయి. తెనాలి నుంచి అమరావతి ఎంత దూరమో ఆయనకు తెలుసు, లండన్‌లో దాని ముందు నిలబడటం ఎలా ఉంటుందో చూడనివ్వండి. ప్రవేశం ఉచితం. ఆ గది అప్పుడప్పుడు మూసి ఉంటుంది, బయల్దేరే ముందు వెబ్‌సైట్‌లో చూసుకోండి.

డబ్బు పెట్టి చూడాల్సింది ఒకటుంటే అది టవర్ ఆఫ్ లండన్, కోహినూరు కోసం. కొల్లూరు గనుల్లో దొరికిందని చెబుతారు (మీ తెనాలి పక్కన కొల్లూరు కాదు, పల్నాడు వైపు కృష్ణ ఒడ్డున ఉండేది, ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద). 105.6 క్యారెట్లు, 1937లో చేయించిన రాణి కిరీటంలో పొదిగి ఉంది. మనిషికి 30 పౌండ్లు దాటుతుంది, పెట్టండి. కిరీటాల ముందు మనుషుల్ని కదిలే పట్టా మీద తీసుకెళతారు, అమ్మగారికి అంతసేపు నిలబడే బాధ ఉండదు. మిగతా కోటలో రాళ్లు పరిచిన దారులు, మెట్లు ఎక్కువ, అక్కడ తొందరపెట్టకండి.

చాలా ట్యూబ్ (భూగర్భ రైలు) స్టేషన్లలో లిఫ్టు ఉండదు, మోకాళ్లకూ స్టెంటుకూ అది మంచిది కాదు. బస్సే నయం. టికెట్ రెండు పౌండ్ల లోపు, గంటలోపు ఎన్ని బస్సులు మారినా మళ్లీ డబ్బు తీసుకోరు. 15 నంబరు బస్సు ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి సెయింట్ పాల్స్ మీదుగా టవర్ దాకా తీసుకెళుతుంది. మీ జాబితాలోని టూరిస్టు బస్సుకి ఇచ్చే డబ్బులో పావు వంతు కూడా కాదు. బస్సెక్కేటప్పుడు ట్యాప్ చేయడానికి ఇద్దరికీ రెండు వేర్వేరు కార్డులు ఉండాలి, ఒకే కార్డు ఇద్దరికి ట్యాప్ చేస్తే లెక్క తప్పుతుంది. 60 దాటినవాళ్లకిచ్చే ఉచిత ప్రయాణపు ఫోటోకార్డు లండన్‌లో నివాసం ఉన్నవాళ్లకే, దాని కోసం అప్లికేషన్లు పెట్టి టైం పాడుచేసుకోకండి.

డబ్బు ఎక్కణ్ణుంచి? వాళ్లు వచ్చేలోపు రెండు నెలల మిగులు 500. వచ్చిన నెల మిగులు 250. ఇంటికి పంపే 250 అక్కడ లోను కిస్తీ కాకపోతే, ఆ నెల వాళ్లు మీ ఇంట్లోనే ఉంటారు కాబట్టి ఇక్కడే ఖర్చు పెట్టండి. మొత్తం 1,000. దానిలోనే అన్నీ. 2,100ని ముట్టుకోకండి, కార్డు మీద కొత్తగా ఏమీ వేయకండి. వాళ్లు వెళ్లిన నెల నుంచి మిగిలే 250 ముందు కార్డు బాకీకి. అర్ధ సంవత్సరంలో తీరుతుంది. ఆ తర్వాత అంతా 8,100 వైపే, జీతం పెరిగితే పెరిగింది కూడా.

లండన్ ఐ, మైనపు బొమ్మలు, డిన్నర్ క్రూయిజ్: 1,000లో పడితే వాటిలో ఒకటి, అమ్మగారు ఏది కావాలంటే అది.

పారిస్, స్విట్జర్లాండ్ ఈసారికి వద్దు. డబ్బు సంగతి పక్కన పెట్టినా, విజిటర్ వీసా మీద లండన్ వచ్చినవాళ్లు సాధారణంగా అక్కడి నుంచి షెంగెన్‌కి అప్లై చేయలేరు, ఇండియాలోనే తీసుకుని రావాలి.

నాన్నగారి డిశ్చార్జ్ సమ్మరీ, తాజా ఈసీజీ, మందుల అసలు పేర్లతో డాక్టరు చీటీ చేతి సంచిలో ఉండాలి, చెక్-ఇన్ సూట్‌కేసులో కాదు. అయిదు వారాలకు సరిపడా మందులు కూడా. పాలసీ కాగితం ఫోటో, ఇన్సూరెన్స్ కంపెనీ ఇరవై నాలుగు గంటల ఫోన్ నంబరు మీ ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి. ఆస్పత్రిలో చేర్చిన వెంటనే ఆ నంబరుకి చెప్పాలి.

పాలసీ చేతికి వచ్చాక పాత జబ్బులకు ఎంత పరిమితి రాశారో ఆ పేజీ నాకు పంపండి. లోన్ అప్లికేషన్ ఈలోపు పెట్టేసి ఉంటే ఇవాళే రద్దు చేయండి.