బ్రేకు అక్యుములేటర్ పట్టే ముందు, అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

వచ్చే వారం నుంచి వీల్ లోడర్ల బ్రేకు అక్యుములేటర్ల ప్రెషర్, అదే ఇంజన్ ఆగినా బ్రేకు పట్టేలా ఒత్తిడితో ఆయిల్ దాచిపెట్టే డబ్బాల ప్రెషర్, నువ్వే చూడబోతున్నావని మా అక్క ఫోన్‌లో చెప్పింది. సంబరపడ్డాను. ఆ వెంటనే భయమూ వేసింది. అందుకే ఈ ఉత్తరం.

బండి చదునైన చోట ఆపు, బకెట్ నేలకు ఆనించు, చక్రాలకు ముందూ వెనకా అడ్డు దిమ్మలు పెట్టు, ఇంజన్ ఆపి బ్యాటరీ స్విచ్‌కు నీ తాళం వేసుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఇక అసలు సంగతి. ఈ పనిలో పాత తప్పు ఒకటుంది. తొందరపడే చేతులన్నీ అదే చేస్తాయి, నీ చేతులకూ తొందర ఎక్కువే. ఆయిల్ పూర్తిగా దిగకముందే గ్యాస్ వైపు గేజి బిగించి చూడటం! అక్యుములేటర్‌లో ఒక పక్క నైట్రోజన్, ఇంకో పక్క ఆయిల్, మధ్యలో బ్లాడరో (రబ్బరు సంచి) పిస్టనో ఉంటుంది. ఆయిల్ ఎంత ఒత్తిడిలో ఉంటే గ్యాసూ అంతే చూపిస్తుంది. అది ప్రీచార్జ్ కాదు; ఆయిల్ అసలు లేనప్పుడు గ్యాస్‌కు ఉండే ఒత్తిడే ప్రీచార్జ్. ప్రీచార్జ్ 50 బార్ ఉండాలనుకో, లోపల ఆయిల్ 150 బార్‌లో చిక్కుకుని ఉంది. గేజి 150 చూపిస్తుంది. ఎక్కువైందనుకుని నువ్వు గ్యాస్ వదిలి 50కి దించావు. అప్పటికే ఆ గ్యాస్ మూడో వంతు చోటులోకి నలిగి ఉంది. ఆ తర్వాత ఆయిల్ దిగిపోతే గ్యాస్ మొత్తం చోటంతా పరుచుకుని దాదాపు 16 బార్ దగ్గర ఆగుతుంది. ఇంజన్ నడుస్తున్నంతసేపు పంపు ఆయిల్ అందిస్తూనే ఉంటుంది కాబట్టి బ్రేకు బాగానే పట్టినట్టుంటుంది, ఆపరేటర్ ఏమీ అనడు. ర్యాంపు దిగుతూ ఇంజన్ ఆగిన రోజున మాత్రం పెడల్ కింద దాచిపెట్టిన ఆయిలే ఉండదు. ఆ సీట్లో కూర్చునేది ఇంకొకరి బిడ్డ, అది మరిచిపోకు.

కాబట్టి ఇంజన్ ఆపాక, ఆయిల్ వైపు టెస్ట్ పాయింట్‌కు ముల్లు గేజి పెట్టి పెడల్ తొక్కుతూ పో. ముల్లు సున్నాకు వచ్చాక కూడా పది సార్లు తొక్కు. తొక్కేటప్పుడు ముల్లు మీదే కళ్ళుంచు. ప్రతి తొక్కుకూ కొంచెం కొంచెం దిగుతూ వచ్చి ఒక అంకె దగ్గర ఉన్నట్టుండి సున్నాకు పడిపోతుంది. ఆ పడిన చోటే ప్రీచార్జ్. గ్యాస్ మూత విప్పకముందే లోపల ఏముందో అదే చెబుతుంది. మొదటి తొక్కుకే ధడేల్మని పడిందా, గ్యాస్ లేదని అర్థం. ముందు, వెనక సర్క్యూట్లకు వేరువేరు అక్యుములేటర్లుంటాయి, రెండూ చూడు. ఒకటి బాగుంటే రెండోదీ బాగుంటుందనుకోకు.

గ్యాస్ ఒత్తిడి చూసి నింపే చార్జింగ్ కిట్ బిగించే ముందు, వాల్వును నొక్కి తెరిచే దాని పిన్ను పూర్తిగా వెనక్కి తిప్పి ఉందో లేదో, గ్యాస్ బయటికి వదిలే బ్లీడ్ స్క్రూ మూసి ఉందో లేదో చూసుకో. వాల్వుకు ఎదురుగా నిలబడకు, పక్కనుండి పనిచెయ్. తీసేటప్పుడు ముందు పిన్ను వెనక్కి, తర్వాత బ్లీడ్, ఆఖరున కిట్. వాల్వు నుంచి ఆయిల్ చిమ్మిందంటే బ్లాడర్ చిరిగింది లేదా పిస్టన్ సీల్ పోయింది. అప్పుడు గ్యాస్ నింపి పంపకు, అక్యుములేటర్ మార్చమని రాయి.

నింపేది నైట్రోజన్ మాత్రమే. సిలిండర్ బూడిద రంగు, మెడ నలుపు. ఒళ్ళు నలుపు ఉన్నది ఆక్సిజన్. నైట్రోజన్ అయిపోయిందని దాన్ని తగిలించావో, ఆయిల్‌తో కలిసి పేలుతుంది. ఎవరు ఎంత తొందరపెట్టినా ఒప్పుకోకు! రెగ్యులేటర్ లేకుండా ఏ సిలిండరూ తగిలించకు. నింపాక పది పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ చూడు, వేడి తగ్గాక ముల్లు కొంత దిగుతుంది. వాల్వుకు సబ్బునీళ్ళు రాసి బుడగలు చూడు. గ్యాస్ ఎంత వేడిగా ఉందో కూడా పక్కనే రాసుకో. 20 డిగ్రీల దగ్గర 50 బార్ ఉన్నది, గోదావరిఖని మే ఎండలో 45 డిగ్రీలకు 54 చూపిస్తుంది. అది చూసి నాలుగు బార్లు వదిలేశావంటే డిసెంబరు పొద్దున తక్కువ వస్తుంది.

ఆయిల్ ఎక్కడ చిమ్ముతోందో చేత్తో తడిమి చూడకు నాన్నా, అట్టముక్క పెట్టు. సన్న ధార చర్మం కిందికి దూరితే పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట తెలియదు. అయినా ఆ నిమిషమే ఆసుపత్రికి పరుగెత్తాలి, హైడ్రాలిక్ ఆయిల్ లోపలికి పోయిందని డాక్టరుకు నువ్వే చెప్పాలి. మిగతావి అక్కకు చెప్పను గానీ, ఇది చెప్పి గుర్తు చేయమన్నాను.

మొదటి బండి చూశాక రాత్రి ఫోన్ చేసి ముల్లు పడిన అంకె, కిట్ చూపిన అంకె, వేడి ఎన్ని డిగ్రీలో చదివి వినిపించు. మెలకువగానే ఉంటాను.

నీ మామ