ఆలుగడ్డ మొలకెత్తకుండా ఉండాలంటే

ప్రశ్న: దేవరకొండలో కర్రీ పాయింట్ నడుపుతున్నాం. ధర తగ్గినప్పుడు 50 కిలోల ఆలుగడ్డ బస్తా తెచ్చి పెట్టుకుంటాం. జనవరిలో తెచ్చింది నెల దాటినా చెడదు. జూన్‌లో తెచ్చినవి మాత్రం పదిరోజులకే మొలకలేసి మెత్తబడుతున్నాయి. మందేమైనా చల్లాలా? ఫ్రిజ్‌లో పెట్టాలా?

జవాబు: ఇంట్లో మందు జోలికి పోకండి. తేడా గడ్డ వయసులో ఉంది. తవ్విన ఆలుగడ్డ రకాన్ని బట్టి రెండు మూడు నెలలు నిద్రావస్థలో ఉంటుంది. ఆ రోజుల్లో మొలక రాదు. జనవరి, ఫిబ్రవరిలో దొరికే జహీరాబాద్ కొత్త గడ్డ అలాంటిది. జూన్‌లో మనకొచ్చేది ఎక్కువగా ఆగ్రా వైపు ఫిబ్రవరి, మార్చిలో తవ్వి, కోల్డ్ స్టోరేజీలో 2 నుంచి 4 డిగ్రీల చలిలో ఉంచింది. దాని నిద్ర ఎప్పుడో తీరిపోయింది, మొలకను ఆపింది ఆ చలి ఒక్కటే. మన ఎండకు రాగానే కళ్లు, అంటే గడ్డ మీద మొలక వచ్చే చిన్న గుంటలు, లేస్తాయి. కాబట్టి జూన్ నుంచి వారం పది రోజులకు సరిపడానే కొనండి. కంటి దగ్గర ఆవగింజంత తెల్లటి మొన కనిపించినా ఆ బస్తా వద్దనండి.

తెచ్చిన రోజే బస్తా విప్పి, దెబ్బ తగిలినవి, తడిసినవి వేరుచేసి ముందు వండేయండి. కడగొద్దు. తడి ఉంటే కుళ్లు ఒక గడ్డ నుంచి మరోదానికి పాకుతుంది. మిగిలినవి గంపల్లోనో జాలీ క్రేట్లలోనో అడుగు లోతుకు మించకుండా పోసి, గాలి ఆడేలా ఇటుకల మీద పెట్టండి. సజ్జ మీద అస్సలు వద్దు, స్లాబు వేడంతా అక్కడే దిగుతుంది. రేకుల గది ఇంకా చెడ్డది. వేడికి, గాలి ఆడకపోవడం కూడా తోడైతే గడ్డ పైకి బాగానే కనిపిస్తూ లోపల నల్లబడుతుంది. ఉత్తరం వైపు చీకటి గది మేలు. పైన పొడి గోనెపట్టా కప్పండి, వెలుతురు తగిలితే పచ్చబడతాయి. ఏప్రిల్, మే నెలల్లో కిటికీకి తడి గోనెపట్టా కడితే గది చల్లబడుతుంది. వానాకాలం గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి ఈ ఉపాయం పనిచేయదు. ఉల్లిగడ్డ పక్కన పెట్టొద్దు. ఆలుగడ్డ వదిలే తేమకు ఉల్లి పాడవుతుంది.

ఫ్రిజ్‌లో మొలక ఆగుతుంది గానీ, ఆ చలికి పిండి చక్కెరగా మారుతుంది. కూరకు పరవాలేదు, కాస్త తీపి తగులుతుంది. వేపుడు మాత్రం లోపల ఉడికేలోపే పైన నల్లబడుతుంది.

ప్రశ్న: మొలకలు తుంచి వండుకోవచ్చా?

జవాబు: గడ్డ గట్టిగా ఉండి, మొలక చిన్నదైతే కంటితో సహా లోతుగా తవ్వి తీసేయండి. పచ్చబడ్డ చోటునూ మందంగా చెక్కేయండి. మొలకలో, పచ్చదనం ఉన్న చోట సోలనిన్ అనే విషం పేరుకుంటుంది, ఉడికించినా అది పోదు. ముడతలుపడి మెత్తబడినా, నాలుకకు చేదు తగిలినా పారేయాల్సిందే. తుంచినవి మళ్లీ దాచొద్దు, కొనమొలక పోతే పక్క కళ్లన్నీ ఒకేసారి లేస్తాయి.

ప్రశ్న: వాటిని పెరట్లో నాటొచ్చా?

జవాబు: అక్టోబరు చివర, నవంబరులో నాటండి. రాత్రి వేడి 20 డిగ్రీలు దాటితే ఆకే పెరుగుతుంది, గడ్డ ఊరదు. రెండు కళ్లుండేలా ముక్కలు కోసి, కోసినచోటు ఒకటి రెండు రోజులు నీడన ఆరనిచ్చి నాటితే ముక్క కుళ్లదు.