విడాకుల సమయంలో నా పొదుపు డబ్బును వేరే చోటికి మార్చుకోవచ్చా?

మీ పేరు మీదున్న పొదుపును విడాకుల కేసు మొదలవకముందే మార్చేయాలా అని అడిగారు. తొందరపడి మార్చకండి. టెన్షన్‌లో కొందరు డబ్బంతా తీసి అన్నయ్య ఖాతాలోనో స్నేహితురాలి ఖాతాలోనో వేసేస్తారు. స్టేట్‌మెంట్‌లో ప్రతి లావాదేవీ తేదీతో సహా కనిపిస్తుంది. దాచారని కోర్టుకు అనిపిస్తే మీరు చెప్పే మిగతా నిజాలను కూడా నమ్మడం కష్టమవుతుంది.

ఖాతా మీ ఒక్కరి పేరు మీద ఉన్నంత మాత్రాన అన్నిచోట్లా డబ్బు మీ ఒక్కరిదే అయిపోదు. చాలా దేశాల్లో పెళ్లయ్యాక కూడబెట్టింది ఇద్దరి లెక్కలోకి వస్తుంది. పెళ్లికి ముందు దాచుకున్నది, వారసత్వంగా వచ్చింది చాలాచోట్ల విడిగా చూస్తారు. కానీ దాన్ని ఉమ్మడి ఖాతాలో కలిపేసి ఏళ్ల తరబడి వాడితే, ఏది ఎవరిదో తేల్చడం కష్టం. అందుకే పెళ్లి నాటికి మీ దగ్గరున్న నిల్వను చూపించే పాత స్టేట్‌మెంట్లు ఈ వారమే తెచ్చుకోండి. నా దృష్టిలో అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇదే, బ్యాంకులు పాత రికార్డులను ఎల్లకాలం ఉంచవు.

జీతం పడటానికి మీ పేరున కొత్త ఖాతా తెరవడంలో సాధారణంగా తప్పు లేదు, అడిగినప్పుడు వివరాలు చూపించాలి అంతే. ఉమ్మడి ఖాతాలో ఇద్దరూ ఒప్పుకుంటేనే డబ్బు తీసేలా మార్చగలరేమో బ్యాంకును అడగండి. పాస్‌వర్డ్‌లు వెంటనే మార్చండి. నామినీ పేరు మార్చేముందు మాత్రం లాయర్‌ను అడగండి, కేసు నడుస్తుండగా కొన్ని చోట్ల అది కుదరదు.