రివర్స్ షోల్డర్ రీప్లేస్‌మెంట్‌కి డాక్టర్‌ని ఎలా ఎంచుకోవాలి?

మీ అమ్మగారికి మోకాళ్లు మార్చిన డాక్టరే భుజం కీలు మార్చే ఈ ఆపరేషన్ కూడా చేస్తానంటున్నారు, ఒప్పుకోవచ్చా అని అడిగారు. మా అమ్మకి డెబ్బై దాటాక ఎడమ భుజానికి ఇదే ఆపరేషన్ అయింది. నా మాట ఒక్కటే: మోకాళ్లు బాగా చేసిన చేయి భుజం కూడా బాగా చేస్తుందని అనుకోకండి. మోకాళ్ల ఆపరేషన్లు మన ఊళ్లలో కూడా రోజూ జరుగుతున్నాయి. రివర్స్ భుజం అలా కాదు, మంచి పేరున్న ఎముకల డాక్టర్లలో కూడా చాలామంది అరుదుగానే చేస్తారు.

మామూలుగా బంతి చేతి ఎముకకు, గిన్నె రెక్క ఎముకకు ఉంటాయి. ఇందులో రెంటినీ తారుమారు చేస్తారు. రొటేటర్ కఫ్ (భుజం కీలును పట్టి ఉంచే కండరాల పట్టీ) బాగు చేయలేనంతగా చిరిగిపోయినప్పుడు చేతిని పైకెత్తే పని భుజం మీది డెల్టాయిడ్ కండరం మీద పడేలా చేయడమే దీని కిటుకు. ఫ్రాన్స్‌లో పాల్ గ్రామోన్ అనే సర్జన్ 1980ల్లో దీన్ని ఒక దారికి తెచ్చారు. కష్టమంతా రెక్క ఎముక దగ్గరే: అక్కడున్న కాస్త ఎముకలోనే స్క్రూలు పట్టాలి, కోణం తేడా వస్తే కీలు జారవచ్చు, త్వరగా వదులవవచ్చు. అందుకే "ఏడాదికి రివర్స్ భుజాలు ఎన్ని చేస్తారు?" అని మొహమాటపడకుండా అడగండి. మొత్తం జాయింట్ల లెక్క చెబితే, "భుజాలే ఎన్నండీ?" అని మళ్లీ అడగండి. బాగా చేసేవాళ్లు ఈ ప్రశ్నకి చిరాకుపడరు. ఎముక ఎంత మిగిలిందో చూడటానికి సీటీ స్కాన్ రాస్తారా అన్నది కూడా గమనించండి.

మేం మొదట చూపించిన డాక్టర్ ఎంఆర్ఐ చూసి, అమ్మ చేయి ముట్టుకోకుండానే ఆపరేషన్ తేదీ మాట్లాడారు. రెండో ఆయన అమ్మ మోచేతిని పట్టుకుని, "బయటికి తోయండమ్మా" అంటూ రెండో చేత్తో భుజం మీది కండ నొక్కి చూశారు. డెల్టాయిడ్, దానికి వెళ్లే నరం పనిచేయకపోతే ఈ ఆపరేషన్ చేసి లాభం లేదట. తర్వాత, "ఎడమ చెయ్యి కదా, బాత్రూంలో కడుక్కోవడానికి ఇబ్బంది అవుతుంది, తెలుసా?" అని అడిగారు. అమ్మ సిగ్గుపడింది కానీ, నాకు ఆయన మీద గురి కుదిరింది అప్పుడే. చేయి పైకి లేస్తుంది, నొప్పి బాగా తగ్గుతుంది, వెనక్కి మాత్రం పూర్తిగా వెళ్లకపోవచ్చు అని ముందే చెప్పారు. ఆయన చెప్పినట్టే అయింది. అమ్మ ఇప్పుడు అటక మీది డబ్బా అందుకుంటుంది, వెనక హుక్కుల జాకెట్లు మాత్రం మానేసింది. ఏమీ కాదు, అంతా మామూలే అనే డాక్టర్ కంటే, ఏది రాదో చెప్పే డాక్టర్ నయం.

ఖర్చు సంగతి. 2017లో కేంద్రం మోకాలి ఇంప్లాంట్లకు (లోపల పెట్టే కృత్రిమ కీళ్లకు) గరిష్ఠ ధర పెట్టింది, ఆ ఉత్తర్వులో భుజం లేదు. కాబట్టి ఇంప్లాంట్ కంపెనీ పేరుతో సహా ఎస్టిమేట్ కాగితం మీద రాయించుకోండి. ఆపరేషన్ అయ్యాక ఇంప్లాంట్ స్టిక్కర్ల కాపీ తీసుకోండి, రేపు ఏదైనా తేడా వస్తే ఇంకో డాక్టర్‌కి అదే ఆధారం.

హైదరాబాదే వెళ్లాలని లేదు. అయితే కొన్ని వారాలు చేతికి స్లింగ్, ఆ తర్వాత నెలల తరబడి ఫిజియో ఉంటాయి. దూరమైతే మీ ఊళ్లో ఫిజియో చేసేవారికి ఆ సర్జన్ వ్యాయామాలు రాసిచ్చి, ఫోన్‌లో దొరుకుతారా అన్నది చూసుకోండి. మా అమ్మకి కుర్చీలోంచి ఆ చేత్తో నొక్కి లేవొద్దన్న మాట గుర్తుచేయడమే పెద్ద పని అయింది.

పడి ఎముక విరిగితే త్వరగా తేల్చుకోవాలి. మీ అమ్మగారిది పాత చిరుగు, అరుగుదల అన్నారు కాబట్టి టెన్షన్ అక్కర్లేదు, ఇంకొకరికి చూపించే వ్యవధి ఉంది. షుగర్ ఉందన్నారు కదా, ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది, ఈలోగా మూడు నెలల సగటు చెప్పే షుగర్ పరీక్ష (HbA1c) చేయించండి. వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, ఎంఆర్ఐ సీడీ కూడా పట్టుకెళ్లండి.