ఎఫ్-150తో ట్రావెల్ ట్రైలర్ లాగడానికి ఎక్స్‌టెండెడ్ మిర్రర్లు నిజంగా అవసరమా? క్లిప్-ఆన్‌వి సరిపోతాయా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది: ఉండేది డాలస్‌లో, బండి ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్, దానికి కంపెనీ నుంచి వచ్చిన మామూలు సైడ్ మిర్రర్లే ఉన్నాయి. వేసవి సెలవుల్లో 28 అడుగుల ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు) అద్దెకి తీసుకుని పిల్లలతో టెక్సస్‌లోనే ఉన్న పాలో డూరో కాన్యన్ పార్క్‌కి వెళ్లాలని ప్లాన్. నాలుగు రోజుల ట్రిప్ కోసం, మామూలు వాటికన్నా బయటికి పొడుచుకొచ్చే ఎక్స్‌టెండెడ్ మిర్రర్ల మీద (ఉన్నవాటి మీద బిగించే క్లిప్-ఆన్‌వైనా సరే) డబ్బు పెట్టాలా అని అడిగారు.

పెట్టండి. నాలుగేళ్ల కిందట ఇదే దారిలో, దాదాపు ఇలాంటి ట్రైలర్‌తోనే మేమూ వెళ్లాం. దారిలో భయపడి నేర్చుకున్నది మీకు బయల్దేరకముందే తెలియాలని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు కొలతలు. ఎఫ్-150 బాడీ వెడల్పు, మిర్రర్లు కలపకుండా, దాదాపు 80 అంగుళాలు. ట్రావెల్ ట్రైలర్లు ఎక్కువగా 8 నుంచి ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు ఉంటాయి, అంటే 96 నుంచి 102 అంగుళాలు. మామూలు మిర్రర్లు కూడా కలిపి కొలిస్తే ట్రక్ వెడల్పు 96 అంగుళాల దగ్గరికి వస్తుంది. పార్కింగ్‌లో నిలబడి చూస్తే మిర్రర్ అంచు, ట్రైలర్ గోడ దాదాపు ఒకే వరసలో కనిపిస్తాయి. సరిపోయిందిలే అనిపించేది ఇక్కడే. నాకూ అలాగే అనిపించింది. కానీ మనకి కావలసింది ట్రైలర్ అంచు కాదు, దాని వెనకున్న రోడ్డు. మిర్రర్ గాజు గోడ వరస దాటి బయటికి వస్తేనే ట్రైలర్ తోకకి ఆనుకుని వచ్చే కారు కనిపిస్తుంది. లోపలే ఉండిపోతే అక్కడ కనిపించేది గోడే. ఇక కేబిన్ మధ్యలో ఉండే అద్దంలో ట్రైలర్ ముందు భాగం తప్ప ఇంకేమీ ఉండదు.

టెక్సస్ చట్టం ప్రకారం కూడా డ్రైవర్‌కి వెనక కనీసం 200 అడుగుల రోడ్డు కనిపించాలి, ఇంకో బండిని లాగుతున్నా సరే. మీరు గంటకి 60 మైళ్లలో వెళ్తుంటే వెనక నుంచి కారు 75లో వస్తోందనుకోండి. తేడా గంటకి 15 మైళ్లు, అంటే సెకనుకి 22 అడుగులు. 200 అడుగుల దూరంలోనే అది మీ కంటపడితే, ట్రైలర్ దాకా రావడానికి తొమ్మిది సెకన్లు పడుతుంది. లేన్ మారాలా, ఆగాలా అని తేల్చుకోవడానికి ఆ టైమ్ సరిపోతుంది. అసలు కనిపించకపోతే ఒక్క సెకను కూడా ఉండదు.

ఇప్పుడు క్లిప్-ఆన్ సంగతి. మేం వెళ్లినప్పుడు అవే కొన్నాను, ఉన్న మిర్రర్ మీద పెట్టి పట్టీలతో బిగించేవి. విచిటా ఫాల్స్ ఊరు దాటి 287 హైవే మీద వెర్నన్ వైపు పోతున్నాం. అటంతా మైదానం, గాలి అడ్డూ అదుపూ లేకుండా కొడుతుంది. ఎదురుగాలికి, పక్కనుంచి దాటిపోయే సెమీ ట్రక్కుల (పెద్ద లారీల) ఊపుకి కుడివైపు అద్దం కొద్దికొద్దిగా కిందికి వంగిపోయింది. నేను గమనించలేదు. నెమ్మదిగా పోతున్న ఒక ట్రక్‌ని దాటి, మళ్లీ కుడి లేన్‌లోకి రావడానికి సిగ్నల్ వేసి అద్దంలో చూశాను. ట్రైలర్ చక్రం, దాని పక్కన తెల్ల గీత, అంతే. ఖాళీగా ఉందనుకుని తిప్పబోయాను. మా ఆవిడ కిటికీలోంచి వెనక్కి చూసి "ఆగండి, కారు కారు!" అని అరిచింది. ఒక చిన్న కారు సరిగ్గా ట్రైలర్ తోక పక్కన ఉంది, అది అప్పటికే షోల్డర్ (రోడ్డు పక్క అంచు) మీదికి దిగిపోయింది. వెనక సీట్లో మా ఇద్దరు పిల్లలు నిద్రపోతున్నారు. వెర్నన్‌లో గ్యాస్ స్టేషన్ దగ్గర ఆపాక కూడా చాలాసేపు నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

అలాగని క్లిప్-ఆన్ వద్దని అనను. ఒక్క ట్రిప్‌కే అయితే అవి చాలు, మిర్రర్ మొత్తం మార్చడంతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. కాకపోతే పట్టీ కింద, గాజు అంచు దగ్గర పాత సైకిల్ ట్యూబ్ లాంటి రబ్బరు ముక్క పెట్టి బిగించండి. జారడం, అదరడం రెండూ తగ్గుతాయి. ఆగిన ప్రతిచోటా చేత్తో కదిపి చూడండి. అద్దెకిచ్చేవాళ్లనీ ముందే అడగండి, కొందరు ట్రైలర్‌తో పాటే ఇస్తారు.

ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్తామనుకుంటే మాత్రం మామూలు మిర్రర్లు తీసేసి, అవసరమైనప్పుడు బయటికి లాగే టోయింగ్ మిర్రర్లే పెట్టించుకోండి. తిరిగొచ్చాక నేను చేసింది అదే. కొనేముందు మీ డోర్ లోపల మిర్రర్ వైర్లు కలిసే కనెక్టర్‌కి ఎన్ని పిన్నులున్నాయో విప్పి చూసుకోవాలి. హీటర్, సిగ్నల్ లైటు, బ్లైండ్ స్పాట్ లైటు (మనకి కనిపించని చోట బండి ఉంటే వెలిగేది), చుట్టూ చూపించే 360 కెమెరా, వీటిలో ఏవేవి ఉన్నాయో దాన్ని బట్టి వైరింగ్ మారుతుంది. చూసుకోకుండా చౌకగా దొరికింది తెచ్చి బిగిస్తే కెమెరా పోయిందని తర్వాత బాధపడాల్సి వస్తుంది. ఇంకోటి, అమెరికా బళ్లలో కుడివైపు మామూలు మిర్రర్ ఉబ్బుగా ఉంటుంది, కారు ఉన్న దూరం కన్నా ఇంకా దూరంగా ఉన్నట్టు చూపిస్తుంది. టోయింగ్ మిర్రర్లలో చాలావాటికి పైన పెద్ద సాదా గాజు, కింద చిన్న ఉబ్బు గాజు ఉంటాయి. పైదాంట్లో దూరం సరిగ్గా తెలుస్తుంది, కిందదాంట్లో పక్క లేన్ మొత్తం కనిపిస్తుంది. రెండూ కావాలి.

ఎంత మంచివి కొన్నా సెట్ చేసుకోకపోతే ఉపయోగం లేదు. ఈ పని ట్రైలర్ తగిలించాకే, చదునైన పార్కింగ్ లాట్‌లో, హైవే ఎక్కకముందే చెయ్యాలి. సీటు మీరు నడిపేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే పెట్టుకుని కూర్చోండి. పై గాజులో లోపలి అంచున ట్రైలర్ గోడ వేలెడంత కనిపించాలి, మిగతాదంతా రోడ్డే. ఆకాశం, నేల కలిసేచోటు గాజు మధ్యలోకి రావాలి. కింది గాజులో ట్రైలర్ చక్రం నేలని తాకేచోటు, దాని పక్క లేన్ గీత రెండూ కనపడాలి. తర్వాత ఒకరిని ట్రైలర్ చుట్టూ నడవమనండి. మా ఆవిడ ఎర్ర చున్నీ పట్టుకుని నడిచింది, ఎక్కడ మాయమైందో, ఎక్కడ మళ్లీ కనిపించిందో నేను చూసుకున్నాను. తోక వెనక ఎంతమేర కనిపించదో అప్పుడే నా కళ్లకి తెలిసింది.

రివర్స్ గురించి మీరు అడగలేదు గానీ, క్యాంప్‌సైట్‌లో అసలు టెన్షన్ అదే. మా నాన్న గుంటూరు జిల్లాలో చాలా ఏళ్లు ట్రాక్టర్ తోలారు. మిర్రర్ లేకుండానే, మెడ తిప్పి, మిరపకాయ టిక్కీలతో (బస్తాలతో) నిండిన ట్రాక్టర్ తొట్టిని సందుల్లోకి వెనక్కి పెట్టేవారు. ఇక్కడికొచ్చినప్పుడు నా అవస్థ చూసి ఒక్కటే చెప్పారు: "బండి మొత్తం చూడకురా, చక్రం ఎటు పోతోందో చూడు." కింది ఉబ్బు గాజులో ఆ చక్రమే కనిపిస్తుంది. చెయ్యి స్టీరింగ్ అడుగున పెట్టండి, ట్రైలర్ తోక ఎటు పోవాలో చెయ్యి అటు జరపండి. వీలైతే ఎడమవైపుకే తిప్పుకునేలా సైట్ ఎంచుకోండి, ఆ వైపు మీకు బాగా కనిపిస్తుంది.

పాలో డూరోలో పార్క్ లోపలికి దిగే రోడ్డు 10 శాతం వాలు, మలుపులు కూడా ఉన్నాయి. తక్కువ గేర్‌లో దిగండి. మలుపు మలుపుకీ లోపలివైపు అద్దంలో ట్రైలర్ చక్రం రోడ్డు అంచుకి ఎంత దగ్గరగా వస్తోందో చూసుకుంటూ ఉండండి.

ట్రైలర్ విప్పిన వెంటనే క్లిప్-ఆన్‌వైతే తీసేయండి, లాగేవైతే లోపలికి నెట్టేయండి. అలా వదిలేస్తే పక్క లేన్‌కి అడ్డం, పార్కింగ్‌లో నడిచేవాళ్ల మొహాలకి తగిలే ఎత్తులో ఉంటాయి. ఒక్క కారు పట్టే 8 అడుగుల గరాజ్ డోర్‌లో అయితే అసలు దూరవు.

మీ ట్రక్ ఏ సంవత్సరందో, డోర్ విప్పితే కనెక్టర్ ఎలా ఉందో కామెంట్లో పెట్టండి. ఏది సరిపోతుందో చూసి చెబుతాను.