దసరాకు ఊరు పోయేలోపు మొదటి కెమెరా

"అక్కా, అమెరికా వచ్చి ఏడాది దాటింది. ఈ దసరాకు హన్మకొండ పోతున్న. ఆరు వందల డాలర్లు పక్కన పెట్టిన. బతుకమ్మ ఫోటోలు మంచిగ తీయాలె. ఏ డీఎస్‌ఎల్‌ఆర్ కొనాలె?"

ఎండలు తగ్గుతున్నాయంటే చాలు, వరంగల్, కరీంనగర్, మంచిర్యాల పిల్లల దగ్గర్నుంచి నాకు ఈ ప్రశ్న వస్తుంది. కెనాన్ మంచిదా, నికాన్ మంచిదా, ఎన్ని మెగాపిక్సెళ్లు అని అడుగుతారు. నేను మాత్రం ముందు వాళ్లనే అడుగుతాను: నువ్వు తీసేది ఎవరిని, ఏ వెలుతురులో?

మనవాళ్లు అందరూ చెప్పే జవాబు దాదాపు ఒకటే. ఎంగిలిపూల నాడు మొదలై సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు ఆట సాగేది పొద్దు గూకే వేళ. తంగేడు, గునుగు, బంతి పేర్చిన బతుకమ్మల చుట్టూ ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతుంటారు, పైన వెలుతురు నిమిష నిమిషానికీ తగ్గిపోతుంటుంది. ఇంట్లోకి వస్తే ఒక్క ట్యూబ్‌లైటు కింద కూర్చున్న నాయినమ్మ. వేయిస్తంభాల గుడికి పోతే స్తంభాల మధ్య నీడ. అంటే మనకు కావలసినవన్నీ తక్కువ వెలుతురులో ఉండేవే, వాటిలో సగం కదిలేవే. అందుకే నా సలహా కూడా అటువైపే పోతుంది: బాడీ (లెన్స్ లేని ఒట్టి కెమెరా) మీద పైసలు తగ్గించు, వెలుతురును ఎక్కువగా లోపలికి రానిచ్చే ఒక్క లెన్స్ మీద పెట్టు.

ఎందుకో లెక్క చెప్తాను. కెమెరాతో పాటు డబ్బాలో వచ్చే కిట్ లెన్స్ 18-55 మిల్లీమీటర్లది. దాన్ని 55 దాకా జూమ్ చేస్తే దాని కన్ను ఎఫ్ 5.6 కంటే పెద్దగా తెరుచుకోదు. ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే కన్ను అంత పెద్దగా తెరుచుకున్నట్టు. అదే ఎఫ్ 1.8 లెన్స్ పెడితే దానికి దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది. పొద్దు వాలినాక కిట్ లెన్స్‌తో షట్టర్ (వెలుతురును లోపలికి వదిలే తలుపు) సెకనులో ఇరవయ్యో వంతు తెరిచి ఉండాల్సిన చోట, ఈ లెన్స్‌తో రెండు వందలో వంతు సరిపోతుంది. ఇరవయ్యో వంతులో చప్పట్లు కొట్టే చేతులు మసకగా, పొగలాగా పడతాయి. రెండు వందలో వంతులో గాజులు లెక్కపెట్టొచ్చు. లెన్స్‌లో వణుకు ఆపే మోటారు ఉంది కదా అంటారు. అది ఆపేది నీ చేతి వణుకును. ఆడుతున్న వదిన చేతిని అది ఆపలేదు.

"అయితే ఫోన్‌తో ఎందుకు కాదు" అని కూడా అడుగుతారు. పగటి వెలుతురులో ఫోన్ చాలు, దాని కోసం కెమెరా కొనొద్దు. కానీ ఫోన్ రాత్రి మోడ్‌లో వరుసగా చాలా ఫోటోలు తీసి ఒకదానిమీద ఒకటి కలుపుతుంది. గుడి గోడకు అది బాగా పనిచేస్తుంది. తిరుగుతున్న మనుషులకు మాత్రం అక్కడే తేడా వస్తుంది.

ఇప్పుడు అందరూ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త రకం కెమెరా) అంటున్నారు, అద్దం ఉన్న పాత రకం డీఎస్‌ఎల్‌ఆర్ కొనడం దండగేమో అనే భయం చాలామందిలో ఉంది. కెనాన్, నికాన్ రెండూ 2018లో మిర్రర్‌లెస్ కోసం కొత్త మౌంట్లు (బాడీకి లెన్స్ తగిలించే అమరిక) తెచ్చాయి. కొత్త లెన్సులు వాటికే వస్తున్నాయి. వాటికి మారిన వాళ్లంతా తమ పాత సరంజామా అమ్ముకున్నారు, ఇంకా అమ్ముతున్నారు. తక్కువ పైసలతో మొదలుపెట్టేవాడికి ఇంతకంటే మంచి సమయం లేదు. నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నుంచి ఉంది, కెనాన్ ఈఎఫ్ 1987 నుంచి ఉంది. వాటికి సెకండ్‌హ్యాండ్‌లో దొరకని లెన్స్ లేదు. రేపు మిర్రర్‌లెస్‌కు మారినా కెనాన్ ఈఎఫ్ లెన్సులు, నికాన్ ఏఎఫ్-ఎస్ (ఫోకస్ మోటారు లోపలే ఉన్న) లెన్సులు అడాప్టర్‌తో ఆటోఫోకస్ సహా పనిచేస్తాయి. చేతిలో వెయ్యి డాలర్లకు పైన ఉండి, ఎక్కువగా వీడియోలే తీస్తానంటే అప్పుడు మిర్రర్‌లెస్ చూడు. ఆరు వందల లోపైతే డీఎస్‌ఎల్‌ఆరే.

ఏది కొనాలో తేల్చి చెప్పమంటే, ఫోటోలే ముఖ్యమైతే నికాన్ డి5300 గానీ డి5600 గానీ డి3500 గానీ, ఏది మంచి స్థితిలో దొరికితే అది సెకండ్‌హ్యాండ్‌లో తీసుకో. మూడింటిలోనూ 24 మెగాపిక్సెళ్ల సెన్సరే (వెలుతురును ఫోటోగా మార్చే ముక్క). దానికి 35 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 డీఎక్స్ (నికాన్ చిన్న సెన్సర్ కెమెరాలకు చేసిన) లెన్స్ జత చెయ్యి. 2009లో వచ్చిన లెన్స్ అది, కొత్తదే రెండు వందల డాలర్ల దగ్గర ఉండేది, వాడినది ఇంకా తక్కువకు వస్తుంది. ఈ చిన్న సెన్సర్ కెమెరాల మీద 35 మన కంటికి కనిపించినంత సహజంగా ఉంటుంది. నాలుగు మీటర్ల దూరంలో నిలబడితే రెండున్నర మీటర్ల పైచిలుకు వెడల్పు ఫ్రేములో పడుతుంది. అంటే ఒక బతుకమ్మ, దాని పక్కన ముగ్గురు నలుగురు మనుషులు.

కెనాన్‌లో పేరున్నది 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 ఎస్‌టీఎం. 2015లో వచ్చింది, కొత్తదే 125 డాలర్ల ప్రాంతంలో ఉండేది, చాలా మంచి లెన్స్. కానీ కెనాన్ చిన్న సెన్సర్ మీద అది 80లా, అంటే ఇంకా దగ్గరికి జూమ్ చేసినట్టు పనిచేస్తుంది. అదే నాలుగు మీటర్ల దగ్గర రెండు మీటర్లు కూడా పట్టదు. మన ఇండ్లలో అర్రలు ఎంత పెద్దవో నీకు తెలుసు. నాయినమ్మను, ఆమె ఒళ్లో మనవణ్ణి కలిపి తీయాలంటే వీపు గోడకు ఆనుతుంది. కెనాన్‌లోనే 24 మిల్లీమీటర్ల ఎఫ్ 2.8 పలుచటి లెన్స్ ఉంది, ఇంట్లో అది సుఖంగా ఉంటుంది గానీ వెలుతురు 1.8 అంత రాదు. ఈ ఒక్క కారణంతోనే ఫోటోలకు నేను నికాన్ వైపు మొగ్గుతాను. వీడియో కూడా కావాలంటే మాత్రం కెనాన్ 200డి, 80డి లాంటివి చూడు. స్క్రీన్‌లో చూస్తూ తీసేటప్పుడు వాటి ఆటోఫోకస్, నేను చెప్పిన నికాన్‌ల కంటే ఎంతో చురుకు.

కెనాన్ వెతికేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకో. ఒకే కెమెరాకు దేశానికో పేరు. ఇండియాలో 200డి అన్నది అమెరికాలో రెబెల్ ఎస్‌ఎల్2. అక్కడి 800డి ఇక్కడి రెబెల్ టీ7ఐ. ఊర్లో సోపతిగాడు 800డి కొనమన్నాడని ఇక్కడ ఆ పేరుతోనే వెతుకుతూ కూర్చుంటే దొరకదు.

నికాన్‌లో జాగ్రత్త వేరేచోట. డి3000, డి5000 వరుసల బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు, లెన్స్‌లోనే ఉండాలి. చవకగా దొరుకుతుందని 50 మిల్లీమీటర్ల పాత డి రకం లెన్స్ కొంటే, ఫోకస్ రింగు చేత్తో తిప్పుకోవాల్సిందే. లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ అని ఉందో లేదో చూసి కొను. ఏఎఫ్-పి అని ఉన్నవి ఇంకో రకం. అవి డి3300, డి5300 నుంచి ఆ పైవాటికి పనిచేస్తాయి. డి3200 లాంటి పాత బాడీకి తగిలిస్తే చేత్తో కూడా ఫోకస్ కాదు.

ఎక్కడ కొనాలంటే, వాడిన కెమెరాలను పరీక్షించి, గ్రేడు వేసి, కొంత వారంటీతో అమ్మే సంస్థల దగ్గర. కేఈహెచ్, ఎంపీబీ అలాంటివే. న్యూయార్క్‌లోని బీ అండ్ హెచ్‌కు కూడా వాడిన సరుకు విభాగం ఉంది. మనుషుల దగ్గర నేరుగా కొంటే ఇంకో యాభై డాలర్లు మిగలొచ్చు. మొదటి కెమెరాకు ఆ యాభై కోసం పాకులాడొద్దని నా మాట. కొన్నది నచ్చకపోతే వాపసు ఇచ్చే గడువు ఉండటమే నీకు రక్ష. ఎక్కడ కొన్నా ఇంటికి రాగానే షట్టర్ ఎన్నిసార్లు పనిచేసిందో చూడు. ఈ తరగతి కెమెరాల షట్టర్లను చాలావరకు లక్ష సార్లకు పరీక్షిస్తారు, ముప్పై వేల లోపు ఉంటే నిశ్చింతగా ఉండు. ఎఫ్ 16 దగ్గర తెల్ల గోడను ఒక ఫోటో తీసి చూడు, నల్ల చుక్కలు కనిపిస్తే సెన్సర్ మీద దుమ్మున్నట్టు. లెన్స్‌లోకి టార్చి కొట్టి చూడు, సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది బూజు, వెంటనే తిప్పి పంపు.

మార్కెట్ ధర కంటే మరీ తక్కువకు కొత్త కెమెరా చూపించే దుకాణాల జోలికి పోవద్దు. మంచిర్యాల తమ్ముడు ఒకతను అలాగే ఆర్డర్ పెడితే, ధ్రువీకరణ అని ఫోన్ చేసి, బ్యాటరీకి వేరే, చార్జర్‌కు వేరే అంటూ ధర పెంచుకుంటూ పోయారు. వద్దంటే సరుకు లేదన్నారు. ఇరవై వస్తువుల బండిల్ అని అమ్మేవీ వద్దు. ఆ ఫిల్టర్లు, అతికించే వైడ్ లెన్సులు, గాలికి ఊగే ట్రైపాడ్ ఫోటోను చెడగొట్టడానికే పనికొస్తాయి. ఆ పైసలతో కంపెనీ బ్యాటరీ ఇంకొకటి, మంచి కార్డులు రెండు కొను.

కిట్ లెన్స్‌తో కలిపి బాడీకి సుమారు మూడు వందల యాభై, 35కు నూట యాభై లోపు, మిగిలింది బ్యాటరీ, కార్డులు, సంచికి. ఆరు వందలు ఇలా సరిపోతాయి. కిట్ లెన్స్‌ను తీసిపారేయమని నేను అనను. ఖిలా వరంగల్‌లో కీర్తి తోరణాల ముందు కావలసినంత ఖాళీ జాగా ఉంది, పగటి వెలుతురు ఉంది, అక్కడ 18 దగ్గర ఆ లెన్సే చాలు. దూరపు జూమ్ ఈ బడ్జెట్‌లో వద్దు. మేడారం జాతరకు పోయే ఆలోచన ఉంటే అప్పుడు 55-200, 55-250 లాంటిది చూసుకో. జాతర రెండేళ్లకోసారి కదా, కూడబెట్టుకోవడానికి వ్యవధి ఉంటుంది. అక్కడ ఒకటే మాట: గద్దెల దగ్గర, జంపన్నవాగు ఒడ్డున లేచే ఆ దుమ్ములో లెన్స్ విప్పి మార్చొద్దు. ఏది పెట్టుకొని పోయావో దానితోనే తిరిగి రా.

రామప్ప గురించి కూడా చెప్పాలి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి ఇక్కడి పిల్లలు ఊరికి పోయిన ప్రతిసారీ పాలంపేట దాకా పోయివస్తున్నారు. 1213 నాటి ఆ గుడిలో అందరూ తీయాలనుకునేది చూరు కింది మదనికల్ని, అంటే ఆ స్త్రీ శిల్పాల్ని. అవి నల్లరాతివి, ఎత్తున, నీడలో ఉంటాయి, వాటి వెనక ఆకాశం తెల్లగా మండుతుంటుంది. కెమెరా ఆ ఆకాశాన్ని చూసి ఫోటో మొత్తాన్ని నల్లగా చేస్తుంది, ముఖాలు కనిపించవు. ఎక్స్‌పోజర్‌ను (ఫోటో ఎంత వెలుగ్గా రావాలో చెప్పే అంకెను) ప్లస్ ఒకటి, ఒకటిన్నర దాకా పెంచు. ఆకాశం తెల్లబడితే పడనీ, నువ్వు పోయింది ఆకాశం కోసం కాదు. ట్రైపాడ్ వాడాలనుకుంటే ముందే పురావస్తు శాఖ వాళ్లను అనుమతి అడుగు.

బతుకమ్మకు దీనికి పూర్తిగా తిరగబడ్డ పద్ధతి. పసుపు, నారింజ పూల రంగు లైట్ల కింద ఇట్టే పేలిపోయి, రేకులన్నీ కలిసి ఒకే ముద్దలా కనిపిస్తాయి. మైనస్ అరకు తగ్గించి తియ్యి. షట్టర్‌ను నువ్వే పెట్టుకునే మోడ్‌లో, నికాన్‌లో ఎస్, కెనాన్‌లో టీవీ అని ఉంటుంది, రెండు వందలో వంతు పెట్టి ఐఎస్‌ఓను (వెలుతురుకు కెమెరా ఎంత చురుగ్గా స్పందించాలో చెప్పే అంకె) ఆటోకు వదిలెయ్. వెలుతురు తగ్గేకొద్దీ లెన్స్ కన్ను దానంతట అదే పూర్తిగా తెరుచుకుంటుంది. ఐఎస్‌ఓ 3200, 6400 అయి కొంచెం ఇసుక చల్లినట్టున్నా బాధపడకు. ఇసుకను తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన ముఖాన్ని ఎవరూ నిలబెట్టలేరు. రా ఫైల్ (కెమెరా సరిదిద్దకుండా దాచే ముడి ఫోటో) తప్పకుండా పెట్టుకో. వీధి దీపం ఒక రంగు, పందిరి లైటు ఒక రంగు ఉన్నచోట తెలుపును తర్వాత సరిచేసుకునే వీలు అందులోనే ఉంటుంది.

పెద్ద లెన్స్‌తో దూరం నుంచి, ఎవరికీ తెలియకుండా ఆడబిడ్డల ఫోటోలు తీయొద్దు తమ్ముడూ. ఇది మర్యాద కోసం మాత్రమే చెప్పడం లేదు. 35 పెట్టుకుంటే దగ్గరికి పోక తప్పదు, పోయి పలకరించక తప్పదు. "చిన్నమ్మా, ఒకటి తీసుకుంటా" అని అడిగి తీసిన ఫోటోలో ముఖం తెరుచుకొని ఉంటుంది. వద్దంటే కెమెరా దించు. తీసినవాళ్లకు చూపించు. హన్మకొండ చౌరస్తాకు పోయి నాలుగు ప్రింట్లు వేయించి వాళ్ల ఇంటికిచ్చి రా, మరుసటి ఏడు వాళ్లే పిలుస్తారు.

ప్రయాణానికి: విడి బ్యాటరీలు చేతి సంచిలోనే పెట్టుకో, చెక్-ఇన్ పెట్టెలో వేయకూడదు. చార్జర్ మీద 100-240 వోల్టులు అని ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, పిన్ను మార్చే చిన్న ప్లగ్ చాలు. ప్రతి రాత్రి ఫోటోలు ల్యాప్‌టాప్‌లోకి దించు, కానీ అమెరికా తిరిగొచ్చేదాకా కార్డు చెరిపెయ్యకు. బావకు, బామ్మర్దికి ఇక్కడి నుంచి కొత్త కెమెరా తెమ్మంటే, ఇక్కడి బాడీ వారంటీ సాధారణంగా ఇండియాలో చెల్లదని ముందే చెప్పు. తేడా వచ్చాక చెప్తే మాట నీ మీదికే వస్తుంది.

ఇక కొనేది ఎప్పుడంటే, టికెట్ తేదీకి కనీసం రెండు నెలల ముందు. విమానం ఎక్కే వారం కొన్న కెమెరాతో ఎవరికీ మంచి ఫోటోలు రావు. సాయంత్రం ఆరున్నర, ఏడింటికి మీ అపార్ట్‌మెంట్ల మధ్య పిల్లలు ఆడుకుంటుంటారు కదా, అందులో మనవాళ్ల పిల్లలే సగం. వాళ్ల అమ్మానాన్నలను అడిగి, 35 పెట్టుకొని, రెండు వందలో వంతు దగ్గర వాళ్లను తీస్తూ ఉండు. పరుగెత్తే పిల్లల కళ్ల మీద ఫోకస్ నిలపడం చేతికి వచ్చిందంటే బతుకమ్మ ఆట తీయడం నీకు తేలికే. కొన్న మొదటి వారంలోనే ఇలా తీయడం మొదలుపెడితే బాడీలో గానీ లెన్స్‌లో గానీ లోపముంటే వాపసు గడువు మిగిలి ఉండగానే బయటపడుతుంది.