టెక్ సందేహాలు: పాత డిష్‌వాషర్‌ను బాగుచేయించాలా, మార్చేయాలా?

ప్రశ్న: మా డిష్‌వాషర్ కొని తొమ్మిదేళ్ళు దాటింది. 12 ప్లేస్ సెట్టింగుల రకం, అంటే పన్నెండు మంది తిన్న పళ్ళాలూ గిన్నెలూ పట్టేది. కొద్ది రోజులుగా స్విచ్ వేయగానే, లోపలికి నీళ్ళు రాకుండానే, డ్రెయిన్ పంపు ఆగకుండా తిరుగుతోంది. ఏ ప్రోగ్రామూ మొదలు కావడం లేదు. వచ్చిన టెక్నీషియన్ ఐదు నిమిషాలు చూసి యంత్రాన్ని నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు పోయిందన్నారు. దాన్ని మార్చడానికి 16,500 రూపాయలు అవుతుందని, అంత పెట్టే బదులు ఎక్స్ఛేంజ్‌లో 42,000కు కొత్తది తీసుకోవడం మంచిదని చెప్పారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: కొత్తది కొనాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం. అసలు చెడిపోయింది బోర్డేనా అన్నది ముందు తేలాలి. మీరు రాసిన లక్షణాన్ని బట్టి నాకైతే బోర్డు మీద అనుమానం కలగడం లేదు.

గిన్నెలు సర్దే స్టీలు తొట్టికి కింద, పంపులూ గొట్టాలూ ఉండే అరలో, లోతు తక్కువగా ఉన్న ఒక ట్రే ఉంటుంది. అందులో థర్మకోల్‌తో చేసిన చిన్న ఫ్లోటు, దానికి ఆనుకుని ఒక స్విచ్ ఉంటాయి. గొట్టం నుంచో పంపు నుంచో నీళ్ళు కారి ఆ ట్రేలో చేరితే ఫ్లోటు పైకి తేలి స్విచ్‌ను నొక్కుతుంది. అప్పుడు యంత్రం నీళ్ళు లోపలికి వచ్చే వాల్వును మూసేసి, ఉన్న నీటిని బయటికి తోడేయడానికి డ్రెయిన్ పంపును ఆపకుండా తిప్పుతుంది. వంటిల్లు నీళ్ళపాలు కాకుండా పెట్టిన ఈ ఏర్పాటు పని చేస్తున్నప్పుడు కనిపించే లక్షణాలూ మీరు రాసిన లక్షణాలూ అచ్చంగా ఒకటే. కోడు చూపించే మోడళ్ళలో అయితే ఈ స్థితికి బాష్, సీమెన్స్ యంత్రాలు ఈ15 అనీ, ఎల్‌జీ యంత్రాలు ఏఈ అనీ చూపిస్తాయి. మీ యంత్రానికి తెర లేకపోతే ఏ దీపాలు మిణుకుమంటున్నాయో గమనించి మాన్యువల్‌తో పోల్చి చూడండి.

దీన్ని మీరే తేల్చుకోవచ్చు. ప్లగ్గు తీసి, నీటి కుళాయి కట్టేసి, యంత్రం ముందు భాగంలో నేలకు ఆనుకుని ఉండే పలకను విప్పండి. చాలా మోడళ్ళలో అది రెండు మూడు స్క్రూలతోనే బిగించి ఉంటుంది. టార్చి వేసి చూస్తే ట్రేలో నీళ్ళు ఉన్నదీ లేనిదీ కనిపిస్తుంది. ఉంటే పాత తువ్వాలు లోపలికి దూర్చి పీల్చేయించి, ఫ్యాను పెట్టి ఆరబెట్టి, మళ్ళీ ప్లగ్గు పెట్టండి. ప్రోగ్రామ్ మామూలుగా మొదలైతే బోర్డు నిక్షేపంగా ఉన్నట్టే. యంత్రాన్ని వెనక్కి వంచి నీళ్ళు పారబోయమని చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి. ఆ పని ట్రేను ఖాళీ చేస్తుందే కానీ కారుతున్న చోటును చూపించదు. పైగా నలభై యాభై కిలోల బరువును ఒక్కరే వంచబోతే నడుము పట్టేస్తుంది.

ఇక నీళ్ళు ఎక్కడి నుంచి కారుతున్నాయో వెతకాలి. మన ఇళ్ళలో నేను ముందు అడిగే ప్రశ్న, డిష్‌వాషర్ పౌడరు అయిపోయిన రోజున ఎవరైనా చేత్తో అంట్లు తోమే జెల్ పోశారా అని. ఆ జెల్ విపరీతంగా నురగ కట్టి, తలుపు అంచుల నుంచి పొంగి ట్రేలోకి దిగుతుంది. అదే కారణమైతే విడిభాగం ఏదీ కొననక్కరలేదు, మామూలు నీళ్ళతో రెండు మూడు సార్లు కడిగించి నురగ పోగొడితే చాలు. రెండో అనుమానం ఎలుకల మీద. యుటిలిటీ బాల్కనీలో పెట్టిన యంత్రాల డ్రెయిన్ గొట్టాన్ని అవి కొరికేయడం మామూలే. గొట్టం ఖరీదు వందల్లో ఉంటుంది, వేలల్లో కాదు. ఆ రెండూ కాకపోతే తలుపు కింది రబ్బరు, ఆ తర్వాత నీళ్ళను చిమ్మే పెద్ద పంపు సీలు. తొమ్మిదేళ్ళ యంత్రంలో సీలు అరగడం సహజమే. అన్నిటిలో కాస్త ఖర్చయ్యే పని అదొక్కటే.

ట్రే పొడిగా ఉన్నా పంపు అలాగే తిరుగుతుంటే అప్పుడు ఫ్లోటు స్విచ్‌నూ బోర్డునూ అనుమానించాలి. కరెంటును కొలిచే మల్టీమీటరు బయటికి తీయకుండా బోర్డు పోయిందని చెప్పేవారి మాట నేను నమ్మను. ఏ కొలతను బట్టి ఆ మాట అన్నారో అడగండి, బోర్డును విప్పి చూపించమనండి. బోర్డులో ఎక్కువగా దెబ్బతినేది హీటరుకు కరెంటు ఇచ్చే రిలే అనే చిన్న స్విచ్, దాని చుట్టూ ఉన్న సోల్డరింగు. రెండు వేల వాట్లకు పైబడిన భారం రోజూ ఆ చిన్న అతుకు మీదుగా పోతుంది కాబట్టి కొన్నేళ్ళకు అక్కడ నల్లటి మచ్చ ఏర్పడుతుంది, అది కంటికి తెలుస్తుంది. అలాంటి బోర్డును మొత్తం మార్చనక్కరలేదు. రిలే మార్చి సోల్డరింగు చేసే మెకానిక్కులు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు, హైదరాబాద్‌లో విడిభాగాల కోసం కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. బోర్డు మీదకు బొద్దింకలు చేరి షార్ట్ అయినా, వోల్టేజీ ఎగసి ప్రధాన చిప్పు కాలినా ఈ మాట వర్తించదు.

బోర్డే పోయిందని రుజువైందనుకుందాం. మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే మార్చేయాలన్న సూత్రం అందరూ చెప్పేదే, కానీ అది వయసును లెక్కలోకి తీసుకోదు. నేను ఏడాదికి ఎంత పడుతుందో చూస్తాను. 42,000 పెట్టి కొన్న యంత్రం పదేళ్ళు వస్తుందనుకుంటే ఏడాదికి 4,200. మీ పాతదానికి 16,500 పెడితే, తొమ్మిదేళ్ళు వాడిన పంపూ సీళ్ళూ ఇంకో మూడేళ్ళు లాగుతాయని ఆశించినా ఏడాదికి 5,500 పడుతుంది, కాబట్టి ఆ ధరకు బోర్డు వేయించవద్దు. అదే యంత్రానికి గొట్టమో సీలో 4,000లో అయిపోయి రెండేళ్ళు గడిచినా ఏడాదికి 2,000 మాత్రమే. అప్పుడు మార్చడం దండగ. సగం ధర సూత్రం పట్టుకుని ఉంటే 16,500కు కూడా సరేననేవారు!

తలుపు గడియ, నీటి వాల్వు, డ్రెయిన్ పంపు, స్ప్రే ఆర్ములు, బుట్టల చక్రాలు, రబ్బర్లు వంటివి పోతే యంత్రం వయసు ఎంతైనా బాగుచేయించడమే సరైన పని. హీటరుతో కలిపి వచ్చే పెద్ద పంపు పోతే ఏడేళ్ళ లోపు యంత్రానికి పెట్టవచ్చు, ఆపైన పైలెక్క వేసుకోవాలి. తొట్టికి చిల్లు పడినా, తలుపు కీలు దగ్గర రేకు తుప్పు పట్టి ఊడుతున్నా ఇక దాని మీద రూపాయి కూడా పెట్టవద్దు.

విడిభాగాలు దొరకడం మరో సంగతి. ఐరోపా సమాఖ్యలో 2021 మార్చి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం డిష్‌వాషర్ పంపులూ హీటర్లూ బోర్డులూ ఆ మోడల్ అమ్మకం ఆగిన తర్వాత కూడా కనీసం ఏడేళ్ళు, స్ప్రే ఆర్ములూ రబ్బర్లూ బుట్టలూ కనీసం పదేళ్ళు అందుబాటులో ఉంచాలి. మన దేశంలో తయారీదారులపై అలాంటి గడువేదీ లేదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ప్రారంభించిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో కొన్ని కంపెనీలు సర్వీసు, విడిభాగాల వివరాలు ఉంచాయి. మీ కంపెనీ అందులో ఉందేమో చూడండి. వారంటీలో ఉన్న భాగానికి డబ్బు అడిగినా, అంచనా కాగితం మీద రాసివ్వకపోయినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

కొత్తది కొంటే కరెంటు ఆదాతోనే డబ్బు తిరిగి వస్తుందని అమ్మేవారు చెబుతారు. ఎకో ప్రోగ్రామ్‌కు మీ పాతది 1.1 యూనిట్లు, కొత్తది 0.9 యూనిట్లు తీసుకుంటాయని అనుకుందాం. ఏడాదిలో మూడు వందల సార్లు నడిపితే తేడా 60 యూనిట్లు, యూనిట్ 9 రూపాయల చొప్పున 540 రూపాయలు. నీళ్ళు ఒక్కో విడతకు మూడు లీటర్లు మిగిలినా ఏడాది మొత్తం మీద వెయ్యి లీటర్లు కూడా కావు. కాబట్టి కరెంటు కోసం మార్చడం అన్న మాట పక్కన పెట్టండి.

ప్రశ్న: ఆరేళ్ళ డిష్‌వాషర్‌లో గాజు గ్లాసులు తెల్లగా మసకబారుతున్నాయి, స్టీలు గిన్నెల మీద పొడి పొడిగా పూత కనిపిస్తోంది. మాది బోరు నీళ్ళ అపార్ట్‌మెంటు. యంత్రం పాతబడి వేడి తగ్గిందని అంటున్నారు. మార్చాలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మార్చినా మూడు నెలల్లో కొత్తదానిలోనూ ఇదే పూత కనిపిస్తుంది. మసకబారిన ఒక గ్లాసును వెనిగరు చుక్కలు వేసిన గుడ్డతో గట్టిగా తుడవండి. తళతళలాడితే అది నీటిలోని సున్నం. ఎంత రుద్దినా మసక పోకపోతే గాజు పై పొర తినేయబడిందన్న మాట, దాన్ని ఏ యంత్రమూ బాగుచేయలేదు, ఆ గ్లాసులను ఇకపై చేత్తో కడుక్కోవాలి.

సున్నమే అయితే యంత్రంలో ఉప్పు అర నిండుగా ఉందో లేదో, నీటి కాఠిన్యం సెట్టింగు ఎంతలో ఉందో చూడండి. లోపల ఉన్న రెజిన్ నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టి ఉంచుతుంది, ఉప్పు నీళ్ళు ఆ రెజిన్‌ను కడిగి మళ్ళీ పనికి వచ్చేలా చేస్తాయి. ఉప్పు లేకపోతే ఆ అర ఉన్నా లేనట్టే. యంత్రం అమర్చిన రోజున సెట్టింగును మధ్యలో పెట్టి వెళ్ళిపోవడం, బోరు నీళ్ళకు అది చాలకపోవడం తరచూ జరిగేదే. చాలా ఇళ్ళలో ఉండే టీడీఎస్ మీటరు కాఠిన్యాన్ని విడిగా చెప్పదు, నీటిలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపిస్తుంది, కాబట్టి కాఠిన్యం కొలిచే కాగితపు స్ట్రిప్పులు కొని వాటి అంకెను మాన్యువల్‌లోని పట్టికతో పోల్చండి. వంటకు వాడే మెత్తటి ఉప్పు పోయవద్దు. ఉప్పు పోసేటప్పుడు పక్కన ఒలికితే వెంటనే ఒక విడత నడిపించాలి, లేకపోతే ఆ ఉప్పు స్టీలు తొట్టిని మచ్చలు పడేలా తినేస్తుంది.

ఇప్పటికే పేరుకున్న పొరను వదిలించడానికి ఖాళీ యంత్రంలో నిమ్మ ఉప్పు వేసి బాగా వేడిగా ఉండే ప్రోగ్రామ్ నడపండి. తర్వాత స్ప్రే ఆర్ములను ఊడదీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని రంధ్రాలు చూడండి. ఆవగింజలు, కరివేపాకు ఈనెలు అక్కడ అడ్డుపడి ఉంటే పుల్లతో తీయవచ్చు. ఇవన్నీ చేశాక కూడా పూత తగ్గకపోతే, ప్రోగ్రామ్ మధ్యలో తలుపు తీసి చూడండి. లోపలి నుంచి ఆవిరి కొట్టకపోతే, గిన్నెలు గోరువెచ్చగా కూడా లేకపోతే అప్పుడు హీటరు సంగతి మాట్లాడుకుందాం.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటున్నాము. 2014లో కొన్న డిష్‌వాషర్ తలుపు సరిగా పట్టక మధ్యలో ఆగిపోతోంది. టెక్నీషియన్ వచ్చి చూసినందుకే వంద డాలర్లకు పైగా అడుగుతున్నారు. ఈ వయసు యంత్రానికి అంత పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: మీ దగ్గర లెక్క తలకిందులుగా ఉంటుంది. ఇక్కడ మనిషి రుసుము తక్కువ, భాగం ఖరీదు ఎక్కువ, అక్కడ భాగం కన్నా మనిషి రుసుమే ఎక్కువ. తలుపు గడియ అన్నది స్క్రూడ్రైవరు పట్టుకోగలిగిన ఎవరైనా మార్చుకోగలిగిన భాగం. తలుపు లోపలి అంచున ఉన్న మోడల్ నంబరు చూసి, దానికి సరిపోయే గడియ తెప్పించుకుని మీరే వేసుకోండి. అమెరికాలో చాలా డిష్‌వాషర్లను ప్లగ్గు లేకుండా నేరుగా వైరింగుకు కలుపుతారు కాబట్టి ముందు బ్రేకరు ఆపి, కరెంటు లేదని టెస్టరుతో నిర్ధారించుకున్నాకే తలుపు విప్పాలి. ఈ పనిలో నేను బేరం ఆడనిది ఆ ఒక్క విషయంలోనే.

పని మొదలుపెట్టే ముందు అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంస్థ సీపీఎస్‌సీ వెబ్‌సైటులో ఆ మోడల్ మీద రీకాల్ (లోపం వల్ల తయారీదారు వెనక్కి పిలవడం) ఉందేమో చూడండి. అగ్ని ప్రమాదం కారణంగా రీకాల్ అయిన మోడల్ అయితే బాగుచేసే ఆలోచన మానుకుని తయారీదారు చెప్పిన ప్రకారం నడుచుకోండి. నీటి ఖర్చు గురించి బెంగ అక్కరలేదు. 2013 నుంచి అక్కడి సమాఖ్య ప్రమాణం మామూలు పరిమాణం డిష్‌వాషర్లకు ఒక విడతకు అయిదు గ్యాలన్ల పరిమితి విధించింది, మీ యంత్రం ఆ తర్వాత కొన్నదే.

ప్రశ్న: మార్చాలనే నిర్ణయించుకున్నాను. పాతదాన్ని పాత సామాను బండికి ఇవ్వవచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఇవ్వకండి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు డిష్‌వాషర్లకూ వర్తిస్తాయి, వాటి రీసైక్లింగు బాధ్యత తయారీదారులది. ఎక్స్ఛేంజ్‌లో ఇస్తే రసీదులో పాత యంత్రం సీరియల్ నంబరు రాయించుకోండి. ఇచ్చే ముందు బుట్టలూ స్ప్రే ఆర్ములూ తీసి పెట్టుకోవచ్చా అని కొందరు అడుగుతారు. అదే మోడల్ బంధువుల ఇంట్లో ఉంటే తప్ప అవి ఇంకో యంత్రానికి సరిపోవు. నీటి గొట్టాన్ని కూడా అట్టే పెట్టవద్దు. కొత్త యంత్రానికి కొత్త గొట్టమే వాడమనండి, ఎందుకంటే పాత గొట్టం చివరి వాషరు ఎండిపోయి ఉంటుంది, బిగించిన వారం తర్వాత కారడం మొదలవుతుంది.